వుజూఖానాలో సబ్బు ఏదీ?

పరిశుభ్రతకు మన ధర్మంలో ఉన్న స్థానం గురించి మనం తరచు గర్వంగా చెప్పుకుంటాం. రోజుకు ఐదు పూటలా నమాజు, ప్రతి నమాజుకు వుజూ, భోజనానికి ముందూ తరువాతా చేతులు కడుక్కోవడం, కాలకృత్యాల తరువాత నీళ్ళతో శుభ్రపరచుకోవడం మనకు చిన్ననాటినుంచి అలవడిన పద్ధతులు. 2020లో కరోనా వ్యాపించి, చేతులు కడుక్కోవాలని ప్రపంచమంతా చాటింపు వేసినప్పుడు మనం ఈ మాటను మరింత గట్టిగా చెప్పుకున్నాం. లోకం ఇప్పుడు నేర్చుకుంటున్న పాఠం మనకు పధ్నాలుగు వందల ఏళ్ళ క్రితమే అందిందని ప్రసంగాలలో విన్నాం. ఇది నిజమే. అయితే ఈ నిజం మాటున ఒక లోపం కూడా దాగి ఉంది. మనం కడుక్కుంటున్నాం గాని, ఎక్కువసార్లు ఉత్త నీళ్ళతోనే కడుక్కుంటున్నాం.

ఆ రోజులను ఒకసారి గుర్తు చేసుకుందాం. 2020 మార్చి 2న హైదరాబాదులో తొలి కరోనా కేసు బయటపడింది. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని మహమ్మారిగా ప్రకటించింది. మార్చి 25నుంచి దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. మస్జిదుల తలుపులు మూతపడ్డాయి. ఆ యేడు రమజాను తరావీహ్ నమాజులను ఇళ్ళలోనే చేసుకున్నాం. జూన్ 8నుంచి ప్రార్థనా స్థలాలు తిరిగి తెరుచుకున్నప్పుడు చాలాచోట్ల వుజూ ఇంటివద్దనే చేసుకుని రమ్మన్నారు. గుమ్మం దగ్గర శానిటైజర్ సీసా, కుళాయి దగ్గర సబ్బు ప్రత్యక్షమయ్యాయి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. ఆ సీసాలు, ఆ సబ్బులు ఇప్పుడెక్కడున్నాయి? ఈ శుక్రవారం జుమాకు వెళ్ళినప్పుడు వుజూఖానాలో ఒకసారి చుట్టూ చూద్దాం. జవాబు అక్కడే దొరుకుతుంది.

సబ్బు చేసే పని ఏమిటో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. కరోనా వైరస్ చుట్టూ కొవ్వుతో కూడిన పలుచని పొర ఉంటుంది. సబ్బు కణానికి ఒక కొస నీటిని అంటిపెట్టుకుంటుంది, రెండో కొస కొవ్వును పట్టుకుంటుంది. చేతులు రుద్దుకుంటున్నప్పుడు ఆ రెండో కొస వైరస్ పొరలో దూరి దానిని చీలుస్తుంది. పొర చీలిన వైరస్ ఇక రోగం తేలేదు. ఉత్త నీటికి ఈ శక్తి లేదు. బిర్యానీ తిన్న చేతిని నీళ్ళకింద పెట్టి చూస్తే జిడ్డు పోదని మనకందరికీ తెలుసు. కంటికి కనిపించే జిడ్డు విషయంలో మనకున్న జ్ఞానం, కంటికి కనిపించని దాని విషయంలో కూడా ఉండాలి.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. కరోనా ముఖ్యంగా గాలిద్వారా వ్యాపిస్తుందని ఆ తరువాత స్పష్టమైంది. కనుక చేతులు కడుక్కుంటే చాలు, గాలి ఆడని గదిలో వందమంది కూర్చున్నా ఫరవాలేదనుకోవడం పొరపాటు. కాని చేతుల ద్వారానే నోట్లోకి చేరే వైరస్‌లు మన ఇళ్ళ చుట్టూ ఏటా తిరుగుతూనే ఉన్నాయి. పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటా వైరస్, వాంతులు విరేచనాలు కలిగించే నోరో వైరస్, పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ అటువంటివి. వీటికి కొవ్వు పొర లేదు. సబ్బు వీటిని చీల్చలేదు గాని, రుద్ది కడిగినప్పుడు చర్మంనుంచి ఊడదీసి నీటితో పాటు సాగనంపుతుంది. హెపటైటిస్-ఎ, నోరో వైరస్‌ల మీద శానిటైజర్ అంతగా పనిచేయదు. సీసా జేబులో ఉంది కదా అని మరుగుదొడ్డినుంచి వచ్చి కుళాయి వైపు చూడకపోవడం మంచిది కాదు.

రోటా వైరస్‌కు ఇప్పుడు టీకా ఉంది. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాలలో మొదట దీనిని పిల్లలకు ఉచితంగా ఇవ్వడం ప్రారంభించారు. ఆ టీకాను తప్పక వేయించాలి. కాని చేతుల ద్వారా వచ్చే తక్కిన రోగాలను అది ఆపలేదు. ఐదేళ్ళలోపు పిల్లల ప్రాణాలు తీస్తున్న ప్రధాన కారణాలలో విరేచనాలు నేటికీ ఒకటి. కాబట్టి ఇది శుచీ శుభ్రతల ముచ్చట మాత్రమే అనుకోరాదు. మన ఇంటి పసివాళ్ళ ప్రాణాల ప్రశ్న ఇందులో ఉంది.

ఈ లోపం మన ఒక్కరిదే కాదు. 2018లో కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ జరిపిన జాతీయ నమూనా సర్వేలో, మన దేశంలో భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కునే కుటుంబాలు నూటికి సుమారు 36 మాత్రమేనని తేలింది. 60 కుటుంబాలు ఉత్త నీళ్ళతో సరిపెడుతున్నాయి. అంటే కడుక్కోవడం అనే అలవాటు దేశంలో లేకపోలేదు. సబ్బు ముట్టుకునే అలవాటే లేదు.

వుజూ చేసేవారికి సబ్బు వేరుగా ఎందుకని అడిగేవారు కరాచీ అనుభవాన్ని గమనించాలి. 2002-2003లో ఆ నగరంలోని పేదల బస్తీలలో ఒక పెద్ద పరిశోధన జరిగింది. దాని ఫలితాలు 2005లో లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో వచ్చాయి. కొన్ని బస్తీలలో ఇంటింటికీ సబ్బులిచ్చి, ఎప్పుడెప్పుడు ఎలా కడుక్కోవాలో ప్రతివారం వెళ్ళి చెప్పారు. మరికొన్ని బస్తీలను మామూలుగానే ఉంచారు. ఏడాది తిరిగేసరికి, సబ్బు వాడిన ఇళ్ళలో పదిహేనేళ్ళలోపు పిల్లలకు విరేచనాలు 53 శాతం తక్కువగా వచ్చాయి. ఐదేళ్ళలోపు పిల్లలలో న్యుమోనియా సగానికి తగ్గింది. ఖరీదైన క్రిమిసంహారక సబ్బుకూ, మామూలు సబ్బుకూ తేడా కనిపించలేదు. ఆ బస్తీలవారు వుజూ అంటే ఏమిటో తెలియనివారు కారు. అయినా సబ్బు చేరాకనే పిల్లల రోగాలు సగానికి దిగివచ్చాయి. ఇంతకంటే స్పష్టమైన జవాబు ఏం కావాలి?

సబ్బు వాడమనడం మన సంప్రదాయానికి కొత్తగా అతికించే మాట కూడా కాదు. మహాప్రవక్త (స) స్నానం చేసే పద్ధతిని వివరిస్తూ హజ్రత్ మైమూనా (రజి) ఒక విషయం తెలిపారు. ఆయన శరీరంమీది మాలిన్యాన్ని కడుక్కున్న తరువాత ఆ చేతిని నేలకేసి రుద్ది, ఆపైన కడుక్కున్నారని బుఖారీ గ్రంథంలో నమోదై ఉంది. సబ్బు లేని ఆ కాలపు ఎడారి సమాజంలో నీటితో పాటు రుద్దడానికి మట్టిని వాడారు. నీళ్ళు పోసుకుంటే చాలదు, రుద్ది వదిలించుకోవాలి అనే భావం అందులో ఉంది. మన కాలంలో ఆ మట్టి స్థానంలో సబ్బు ఉంది. మట్టిలో రోగక్రిములు, పురుగుల గుడ్లు ఉండవచ్చు గనుక నేడు మట్టికంటే సబ్బే మేలు. అలాగే తిన్న జిడ్డు చేతితోనే పడుకున్నవాడికి ఏదైనా కీడు కలిగితే ఇతరులను అనవలసిన పని లేదని, నిద్ర లేచినవాడు చేతులు కడుక్కోకుండా నీళ్ళ పాత్రలో ముంచరాదని ప్రవక్త (స) హెచ్చరించినట్లు హదీసులున్నాయి. మన ఇళ్ళలో తాగే నీళ్ళ కుండలో గ్లాసుతో పాటు వేళ్ళు కూడా మునుగుతున్నప్పుడు ఈ హెచ్చరిక మనకు గుర్తుకు రావాలి. కాడ ఉన్న గరిటె ఒకటి కుండమీద పెట్టుకోవడం ఎవరికీ భారం కాదు.

నీళ్ళకే కటకటగా ఉంటే సబ్బు నురగ కడుక్కోవడానికి నీళ్ళెక్కడివని కొందరు సోదరీమణులు అడుగుతారు. ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టే బస్తీలలో ఇది న్యాయమైన ప్రశ్నే. ప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే లీటరుకంటే తక్కువ నీటితో వుజూ పూర్తి చేసేవారని హదీసులో ఉంది. మనం కుళాయి తిప్పి వదిలేసి తల తుడుచుకునేలోగా అంతకు ఎన్నో రెట్లు మురికి కాలువ పాలవుతుంది. చేతులు తడిపి, కుళాయి కట్టి, ఇరవై సెకన్లు సబ్బుతో రుద్ది, మళ్ళీ తిప్పి కడుక్కుంటే నీరు మిగులుతుంది, శుభ్రత దక్కుతుంది. అరచేతులు, చేతుల వెనుక భాగం, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళ కింద అన్నీ రుద్దాలి. వుజూలో మొదట చేసే పని మణికట్లదాకా చేతులు కడుక్కోవడమే గనుక, బయటనుంచి వచ్చినవారు అప్పుడే సబ్బు వాడితే వేరుగా మరో పని కూడా ఉండదు.

సబ్బు ఖర్చు సంగతి చూద్దాం. బంగ్లాదేశ్‌లో పరిశోధకులు పేదల కోసం ఒక సులువైన మార్గం చూపారు. లీటరున్నర నీళ్ళ సీసాలో 30 గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపి, మూతకు చిన్న రంధ్రం చేసి కుళాయి దగ్గర వేలాడదీస్తే చాలు. ఆ నీళ్ళతో రుద్దుకుని మంచినీళ్ళతో కడుక్కోవచ్చు. సబ్బు బిళ్ళను ఎవరైనా పట్టుకుపోతారన్న బెంగ కూడా ఉండదు. మస్జిదుకు పంకాలు, తివాచీలు ఇచ్చే దాతలు మనలో ఎందరో ఉన్నారు. ఒక ఏడాదికి సరిపడా సబ్బు ఇచ్చే దాత ముందుకు వస్తే అది కూడా పుణ్యకార్యమే. కమిటీ పెద్దలు, ముతవల్లీలు దీనిని చిన్న విషయంగా తోసిపుచ్చరాదు. వుజూఖానాలో అందరూ తుడుచుకునే ఒకే తువ్వాలును కూడా తీసివేయాలి. కడిగిన చేతులకు పక్కవారి రోగాన్ని అంటించే సాధనం అది.

మస్జిదుకు రానివారి చేతుల సంగతి ఇంకా ముఖ్యం. ఇంటిల్లిపాదికీ వండి వడ్డించేది, పసివాడికి ముద్ద కలిపి పెట్టేది, వాడి మలం కడిగేదీ చాలా ఇళ్ళలో ఒకే తల్లి. ఆమెకు వంటగది దగ్గర ఒక సబ్బు, మరుగుదొడ్డి దగ్గర ఒక సబ్బు అందుబాటులో ఉంచడం ఇంటి యజమాని బాధ్యత. వంటకు ముందు, తినడానికీ తినిపించడానికీ ముందు, మరుగుదొడ్డినుంచి వచ్చాక, పిల్లల మలం కడిగాక సబ్బు తప్పనిసరి అని ఇంట్లో కట్టడి చేసుకోవాలి. మదర్సాలలో వందలాది పిల్లలు ఒకే కుళాయి వరుస వద్ద చేతులు తడుపుకుని భోజనానికి కూర్చుంటారు. అక్కడ ఒక పిల్లవాడికి వచ్చిన వాంతులు వారంలో అందరినీ చుట్టుముట్టగలవు. వలీమా దావతులలో ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ నలుగురైదుగురు కూర్చుని తినడం మన ఆప్యాయతకు గుర్తు. ఆ పళ్ళెంలో చెయ్యి పెట్టే ముందు సబ్బుతో కడుక్కోవడం ఆ ఆప్యాయతకు తగిన మర్యాద. అతిథి చేతులమీద నీళ్ళు పోసే మన పాత ఆచారాన్ని సబ్బుతో కలిపి మళ్ళీ తీసుకువస్తే ఎంత బాగుంటుంది!

తోటివారికి హాని చేయకపోవడం మన ధర్మం మనపై ఉంచిన బాధ్యత. మన చేతిద్వారా పక్కవాడి బిడ్డకు రోగం చేరితే అది కూడా హానే. నమాజు వేళ అయిందని వుజూ మనల్ని రోజుకు ఐదుసార్లు కుళాయి దగ్గరకు తీసుకువెళుతున్నది. ఇంతటి శిక్షణ ఉన్నవారికి చేతిలోకి సబ్బు తీసుకోవడం పెద్ద శ్రమ కాదు. మళ్ళీ ఏ మహమ్మారో వచ్చి గుమ్మం తట్టేదాకా ఆగకుండా, ఈ వారమే మన మస్జిదులో, మన మదర్సాలో, మన వంటింట్లో ఆ సబ్బును పెట్టుకుందాం. శరీరాన్నీ మనసునూ పరిశుభ్రంగా ఉంచుకునే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక!