కార్పెట్ కింద ఎర్ర నేల

ఈస్ట్‌హామ్‌లోనో, లెస్టర్‌లోనో, బర్మింగ్‌హామ్‌లోనో వందేళ్లు దాటిన టెర్రస్ ఇల్లు కొన్న మనవాళ్లకు తాళాలు చేతికొచ్చిన వారంలోనే ఒక సంగతి ఎదురవుతుంది. నడవాలో పాత కార్పెట్ మూల ఎత్తి చూస్తే కింద ఎరుపు, నలుపు, లేత పసుపు రంగుల్లో చిన్నచిన్న మట్టి టైల్స్. వంటింట్లో లినోలియం కింద ఎర్రటి చదరపు బిళ్లలు. కొన్ని పగిలి ఉంటాయి, కొన్ని అడుగేస్తే కదులుతాయి. మధ్యలో ఎప్పుడో పైపు కోసం తవ్వి సిమెంటు పూసిన చార. చూడటానికొచ్చిన బిల్డర్ ‘అంతా తీసేసి కొత్తవి వేసేద్దాం’ అంటాడు. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడుతోంది. సరే అనేస్తాం.

ఆ మాట అనేముందు కొంచెం ఆగాలని మా అభిప్రాయం. పాతదంతా పవిత్రమని కాదు. ఆ నేల తీయించడానికి ఒకసారి, తర్వాత గోడలకెక్కిన చెమ్మను వదిలించడానికి ఇంకోసారి డబ్బు పోస్తున్న కుటుంబాలు మన మధ్య ఉన్నాయని.

నడవాలోని రంగుల టైల్స్‌కు పైన మెరుపు పూత ఉండదు, రంగు మట్టిలోనే కలిసి ఉంటుంది. అందుకే వందేళ్లు చెప్పులు రాసుకున్నా వెలిసిపోవు. స్టోక్-ఆన్-ట్రెంట్‌లోని మింటన్ వంటి కంపెనీలు విక్టోరియా కాలంలో వీటిని తయారు చేశాయి. వెస్ట్‌మినిస్టర్ పార్లమెంటు భవనం నేలకూ మింటన్ టైల్సే వేశారు. అవి అరిగినచోట కొత్తవి ష్రాప్‌షైర్‌లోని జాక్‌ఫీల్డ్‌లో చేయించి అతికించారే తప్ప నేలంతా పెకలించలేదు. వంటింటి ఎర్ర బిళ్లలను ఇక్కడ క్వారీ టైల్స్ అంటారు. పేరు విని రాయి అనుకుంటారు కానీ అవీ కాల్చిన మట్టే.

అసలు సంగతి టైల్స్ కింద ఉంది. ఆ కాలం ఇళ్లలో చాలావాటికి, ముఖ్యంగా వంటింట్లో, నేల మీద బొగ్గు బూడిద, సున్నం పరచి దానిపైనే బిళ్లలు పేర్చేవారు. చెమ్మ రాకుండా కింద ప్లాస్టిక్ షీటు వేయడం అప్పటికి లేదు. భూమిలోంచి వచ్చిన తేమ టైల్స్ సందుల్లోంచి కొద్దికొద్దిగా పైకి వచ్చి గాల్లో కలిసిపోయేది. నేల ఊపిరి పీల్చేదన్నమాట. అదంతా తీసి కాంక్రీటు పోసి, గాలి చొరని విట్రిఫైడ్ టైల్స్ వేస్తే ఆ తేమ ఎక్కడికి పోవాలి? పక్కకు జరిగి గోడ ఎక్కుతుంది. రెండు చలికాలాలు గడిచేసరికి స్కర్టింగ్ ఉబ్బుతుంది, ప్లాస్టర్ రాలుతుంది, గోడ అడుగున తెల్లగా చౌడు పడుతుంది. పాత టైల్స్‌నే ఉంచి, మెరవాలని పైన వార్నిష్ పూసినా దాదాపు ఇదే జరుగుతుంది. పూత కింద తేమ చేరి తెల్లటి మచ్చలు కడుతుంది.

బాగు చేయడం మనం భయపడేంత పెద్ద పని కాదు, ఓపిక పని. కదిలే బిళ్లలకు నంబర్లు వేసుకుని పైకి తీసి, అడుగున సున్నం గోకి, మళ్లీ కూర్చోబెట్టాలి. పగిలినవాటికి బదులు పాత సామాన్ల యార్డుల్లో అదే కాలపు టైల్స్ దొరుకుతాయి. కొత్తవి కొనేటప్పుడు మందం చూసుకోవాలి, ఇప్పటివి తరచూ పలచగా ఉంటాయి. ఒక చిట్కా: మెట్ల కింది అల్మారాలోనూ అవే టైల్స్ ఉండొచ్చు. అక్కడివి తీసి నడవాలో కనపడేచోట వేసి, అల్మారాలో కొత్తవి వేస్తే ఎవరికీ తెలియదు. మరకలు పోవాలని యాసిడ్ మాత్రం పోయొద్దు, సందుల్లోని సున్నాన్ని తినేస్తుంది. నేల పూర్తిగా ఆరాక, లోపలికి ఇంకి గాలి ఆడనిచ్చే సీలర్ పూస్తే చాలు.

ఆ పూత మన ఇళ్లకు మరీ అవసరం. సీలర్ లేని మట్టి బిళ్ల తాళింపు నూనెనూ పసుపునూ పీల్చేసుకుంటుంది, తర్వాత ఎంత రుద్దినా పోదు. ఊళ్లో గచ్చు కడిగినట్టు బకెట్లతో నీళ్లు పోయడం కూడా కుదరదు. పిండిన మాప్‌తో తుడవాలి. ఇది మన అమ్మలకు నచ్చని విషయమే. చలికాలంలో వట్టి కాళ్లకు జివ్వుమంటుంది కూడా, పెద్దవాళ్లు నిలబడేచోట ఒక చాప పరవక తప్పదు.

తీసేయక తప్పని నేలలూ ఉన్నాయి. కింది మట్టి కుంగి నేల పల్లంగా దిగిపోయినా, ముప్పాతిక బిళ్లలు పొడైపోయినా పట్టుకు వేలాడటం దండగ. అప్పుడైనా ముందు కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్‌తో మాట్లాడండి. ఇంగ్లండులో నేలలో సగానికి మించి తిరిగి కట్టినప్పుడు ఇన్సులేషన్ నిబంధన వర్తించవచ్చు. ఇల్లు లిస్టెడ్ జాబితాలో ఉంటే అనుమతి లేకుండా లోపలి నేల తవ్వడం కూడా నేరం కావచ్చు.

ఇంకొకటి. మట్టి టైల్స్ మీద పాత వినైల్ బిళ్లలో, వాటిని అతికించిన నల్లటి జిగురో ఉంటే దాన్ని గోకొద్దు. ఆస్‌బెస్టాస్‌ను ఈ దేశంలో పూర్తిగా నిషేధించింది 1999లో. అంతకుముందు వేసినవాటిలో అది ఉండొచ్చు. ముక్క పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. బిల్డర్ ‘ఏం కాదులే’ అన్నాసరే.

మన ఊళ్లలో నాపరాళ్లు, నున్నటి గచ్చులు తీసేసి గ్రానైట్ పరిచి, తడికాళ్లతో జారిపడ్డ తాతయ్యల కథలు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. ఇక్కడ ఆ తొందర ఎందుకు? బిల్డర్‌ను పిలిచే ముందు పాత టైల్స్ పని తెలిసినవాడికి ఒకసారి చూపించి ధర అడగండి. రెండు అంచనాలూ పక్కపక్కన పెట్టుకుని తేల్చుకోండి. ముహూర్తానికి పని పూర్తికాకపోతే కార్పెట్ మళ్లీ పరచి లోపలికి వెళ్లిపోవచ్చు. పాలు పొంగించే స్టవ్ కింద మాత్రం ఒక పెద్ద పళ్లెం పెట్టుకోండి.