దేశాన్ని అడ్డంగా దాటిన బస్సు

1995 అక్టోబర్ 16న అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో నల్లజాతి మగవాళ్ళు లక్షల్లో పోగయ్యారు. నల్లజాతి ముస్లింల సంస్థ ‘నేషన్ ఆఫ్ ఇస్లాం’ నాయకుడు లూయిస్ ఫరాఖాన్ పిలుపునిచ్చిన ‘మిలియన్ మ్యాన్ మార్చ్’ అది. ఎంతమంది వచ్చారన్న దాని మీద వెంటనే రభస మొదలైంది. పార్కుల శాఖ నాలుగు లక్షలంది. నిర్వాహకులు పది లక్షలు దాటారన్నారు. సరిగ్గా ఏడాదికి, అదే తేదీన, స్పైక్ లీ సినిమా ‘గెట్ ఆన్ ద బస్’ విడుదలైంది. లక్షల జోలికి ఆయన పోలేదు. లాస్ ఏంజెలెస్‌లో బస్సెక్కిన కొద్దిమంది మగవాళ్ళను తీసుకుని, పడమటి తీరం నుంచి తూర్పు దాకా వాళ్ళ మాటలూ కీచులాటలూ మనకు వినిపించారు.

బస్సులో ఒక తండ్రీ కొడుకూ ఉంటారు. చిల్లర దొంగతనం చేసి పట్టుబడిన కుర్రాణ్ణి 72 గంటలపాటు తండ్రితో కలిపి గొలుసుతో కట్టి ఉంచమని కోర్టు ఆజ్ఞ. బానిసత్వం చవిచూసిన జాతి మనుషులు నిండిన బస్సులోకి ఆ గొలుసు ఎక్కడమంటే మాటలా! ప్రతీకగా చూస్తే అది మరీ బాహాటం. కానీ లీ దాన్ని ప్రతీకగా వదిలెయ్యలేదు. ఒకరు లేస్తే రెండోవారూ లేవాలి. ఒకరికి నిద్రపట్టకపోతే రెండోవారికీ పట్టదు. కొడుకు పెరిగే రోజుల్లో పక్కన లేని తండ్రి, ఇప్పుడు వాడి కోపానికి మూరెడు దూరంలో కూర్చుని రోజుల తరబడి ప్రయాణం చెయ్యాలి. వాడు మొహం తిప్పుకున్నా చెయ్యి ఇటే ఉంటుంది.

మిగతావాళ్ళూ ఇంతే. విడిపోయే దశలో ఉన్న స్వలింగ ప్రేమికుల జంట మీద ఒక నటుడు నోరు పారేసుకుంటాడు, చివరికి తన్నులాట దాకా పోతుంది. తెల్లగా కనిపించే పోలీసును నువ్వు నల్లవాడివేనా అని నిలదీస్తారు. ఆ పోలీసు తండ్రీ పోలీసే, నల్లవాడి చేతిలోనే చనిపోయాడు. అదే బస్సులో, ఒకప్పుడు గ్యాంగులో తిరిగి హత్య చేసి, ఇప్పుడు ముస్లింగా మారిన యువకుడున్నాడు. యూదు డ్రైవరైతే ఫరాఖాన్ తమవాళ్ళను అన్న మాటలు మింగుడుపడక, ఈ బస్సు నేను నడపలేనని మధ్యలోనే దిగిపోతాడు. అతన్ని దుర్మార్గుడిగా చూపించకపోవడం నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా నచ్చిన సంగతి. తమ సభకు పిలుపునిచ్చిన నాయకుడి మీద ఫిర్యాదును అంత సూటిగా తెర మీద పెట్టడానికి గుండె ధైర్యం కావాలి.

ఆ ధైర్యం వెనక డబ్బు సంగతీ ఉంది. సుమారు 24 లక్షల డాలర్ల ఖర్చును పదిహేనుమంది నల్లజాతి మగవాళ్ళు పెట్టుకున్నారు. నటులు డానీ గ్లోవర్, విల్ స్మిత్, వెస్లీ స్నైప్స్ వాళ్ళలో ఉన్నారు. సొంతవాళ్ళ డబ్బుతో సొంతవాళ్ళ గురించి తీస్తున్నప్పుడు పొగడ్తకు పూనుకోవడం ఎంత తేలికో చెప్పనక్కరలేదు. లీ ఆ పని చెయ్యలేదు.

బస్సుకు పెద్దదిక్కు జెరెమయా. 1963లో వాషింగ్టన్‌లో పౌరహక్కుల కోసం జరిగిన మహాప్రదర్శనకు వెళ్ళలేదన్న బాధ ముప్పయ్యేళ్ళుగా మోస్తున్న ముసలాయన. ఆ పాత్ర వేసిన ఆసీ డేవిస్ నిజజీవితంలో, భార్య రూబీ డీతో కలిసి, ఆ 1963 సభావేదికను నడిపించినవారిలో ఒకరు. వెళ్ళలేకపోయినవాడి దిగులును వెళ్ళినవాడు నటించాడు. ఆయన గొంతులో అతిశయం ఎక్కడా లేదు. జెరెమయాకు ఈసారీ సభ చూసే యోగం ఉండదు. వాషింగ్టన్ చేరాక గుండె ఆగిపోతుంది. ఆయనను వదిలి వెళ్ళలేక ఆసుపత్రిలో ఉండిపోయిన తోటివాళ్ళకూ సభ దక్కదు. పీడిత జాతుల ఐక్యత గురించి ఎన్నో నినాదాలు విన్నాం గానీ, దారిపొడవునా తిట్టుకున్నవాళ్ళు ఒక ముసలివాడి మంచం దగ్గర ఆగిపోవడం కన్నా నమ్మదగిన ఐక్యత నాకు కనిపించలేదు.

ఒక లోటు మాత్రం చెప్పుకోవాలి. 1995 సభకు రావద్దని, ఇంటిదగ్గరే ఉండమని ఆడవాళ్ళకు చెప్పారు. ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ లాంటివారు దాన్ని బహిరంగంగానే తప్పుపట్టారు. పౌరహక్కుల ఉద్యమకారిణి రోజా పార్క్స్, కవయిత్రి మాయా ఏంజెలో వేదికెక్కి మాట్లాడినా ఆ విమర్శ విమర్శగానే మిగిలింది. సినిమా ఈ విషయాన్ని ఒకటి రెండు సంభాషణల్లో తాకి వదిలేస్తుంది. యూదు డ్రైవరుకు దొరికినంత సావకాశం, బస్సులో ఉన్నవాళ్ళ తల్లులకూ భార్యలకూ దొరకలేదు. ఫరాఖాన్‌నే నిలదీయగలిగిన రచయిత, దర్శకుడు ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఎందుకు తొందరపడ్డారో వాళ్ళను అడగాల్సిందే.