చర్మతత్త్వం ఎరిగి పూయవలెను

మార్గశిరం ప్రవేశించగానే నా వైద్యశాలకు వచ్చే గృహిణులలో చాలామంది ఒకే ప్రశ్న వేస్తారు. "ఆచార్యులుగారూ, కాళ్ళూ చేతులూ బూడిద చల్లినట్లు తెల్లగా పొరలు కడుతున్నాయి. ఏ క్రీము రాసుకోమంటారు?" కొందరు సంచిలోనుండి రెండు మూడు సీసాలు తీసి బల్లమీద పెడతారు. ఒకటి ప్రకటన చూసి కొన్నది, ఒకటి పొరుగింటావిడ మెచ్చుకున్నది, మరొకటి విదేశం నుండి కుమారుడు తెచ్చినది. వీటిలో ఏది మంచిదో చెప్పమంటారు. నేను ఆ సీసాలను పక్కకు జరిపి, ముందు వారి చేతిని చూస్తాను. మందు మంచిచెడ్డలు సీసాలో సగమే ఉంటాయి. తక్కిన సగం దానిని పూసుకొనే చర్మంలో ఉంటుంది.

అందరి చర్మానికీ సరిపడే పూత అంటూ లోకంలో లేదని నా నిశ్చితాభిప్రాయం. ఈ మాట క్రీములు అమ్మే వ్యాపారులకు ఎంత వర్తిస్తుందో, వచ్చినవారందరికీ నువ్వులనూనె చెప్పి పంపే మావంటి వైద్యులకూ అంతే వర్తిస్తుంది. ఈ సంగతి నేను గ్రంథం చదివి కాదు, పొరపాటు చేసి తెలుసుకున్నాను.

నేను చేసిన పొరపాటు

1996లో ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చింది. పిల్లకు పందొమ్మిదేండ్లు. నెలన్నరలో వివాహం. ముఖం పొడిబారి పొట్టు రేగుతున్నదని, పెండ్లినాటికి కళ రావాలని తల్లి కోరిక. ఆనాడు వైద్యశాల కిటకిటలాడుతున్నది. నేను ఆ అమ్మాయి ముఖాన్ని పరీక్షగా చూడలేదు. "రోజూ ఉదయం నువ్వులనూనె గోరువెచ్చగా చేసి ఒంటికీ ముఖానికీ మర్దన చేయండి, అరగంట ఆగి సున్నిపిండితో స్నానం చేయించండి" అని చెప్పి పంపాను.

మూడు వారాలకు వారు మళ్ళీ వచ్చారు. నుదుటిమీద, బుగ్గలమీద, గడ్డం కింద చీము పట్టిన మొటిమలు. ఆ తల్లి నన్ను నిందించలేదు. "మీరు చెప్పినట్లే తప్పకుండా చేశామండీ" అన్నది, అంతే. ఆ ఒక్కమాట నాకు ఈనాటికీ చెవిలో వినిపిస్తుంది. పిల్ల తలవంచుకొనే కూర్చున్నది. అప్పుడు నిదానంగా అడిగితే తెలిసింది: ముఖం జిడ్డుగా ఉన్నదని ఆ అమ్మాయి రోజుకు నాలుగుసార్లు సబ్బుతో కడుగుతున్నది. రేగిన పొట్టు సబ్బు వలన వచ్చినది. చర్మం మాత్రం స్వతహాగా జిడ్డుతత్త్వం. దానిమీద నేను నూనె పోయించాను. సబ్బు మాన్పించి, నూనె మాన్పించి, తేలికపాటి పూత ఇచ్చాను. మొటిమలు తగ్గుముఖం పట్టేసరికి పెండ్లి జరిగిపోయింది. మచ్చలు పోవడానికి ఏడాది పట్టింది.

ఆ రాత్రి అష్టాంగహృదయం తీసి దినచర్యాధ్యాయం మళ్ళీ చదివాను. నిత్యం అభ్యంగం చేసుకొనమని చెప్పిన వాగ్భటాచార్యులే, కఫం ప్రకోపించినవారికి, అజీర్ణంతో ఉన్నవారికి అది తగదని ఆ వెంటనే చెప్పారు. పద్నాలుగేండ్ల వయస్సులో గురుకులంలో ఆ శ్లోకాలు నేను కంఠస్థం చేసినవే. శ్లోకం నోట ఉన్నది, రోగి కంట పడలేదు. అప్పటినుండి చర్మాన్ని చేతితో తాకి చూడనిదే ఎవరికీ పూత చెప్పలేదు.

చర్మం ఎందుకు ఎండుతుంది?

సుశ్రుతుడు చర్మానికి ఏడు పొరలు చెప్పాడు. చర్మంలో ఉండే భ్రాజకపిత్తం కాంతినిస్తుందనీ, పైన పూసిన తైలలేపనాలను పచనం చేస్తుందనీ మన శాస్త్రం. ఆధునికులు చెప్పేది మరొక భాషలో ఉన్నా దీనికి దూరం కాదు. చర్మపు అతి పైపొరలోని కణాలు గోడలో ఇటుకల వలె పేర్చి ఉంటాయి. వాటి నడుమ కొవ్వు పదార్థాలు సున్నం వలె పట్టి ఉంచుతాయి. ఆ సున్నం రాలితే లోపలి నీరు ఆవిరైపోతుంది. చలిగాలి, మరిగే నీళ్ళ స్నానం, ఘాటైన సబ్బు, ఏసీ గదులు, పెరిగే వయస్సు – ఇవన్నీ ఆ సున్నాన్ని రాల్చేవే. చర్మం స్వభావం కొద్దిగా ఆమ్లం. మామూలు సబ్బు క్షారం. రెండింటికీ పొసగదు.

పూతలు చేసే పని మూడు విధాలు. గ్లిజరిన్, కలబంద వంటివి నీటిని పట్టి ఉంచుతాయి. నూనెలు బీటలను పూడ్చి మెత్తబరుస్తాయి. మైనం, పెట్రోలియం జెల్లీ వంటివి పైన మూతవేసి నీటిని పోనీయవు. మార్కెట్టులోని ఏ క్రీమైనా ఈ మూడింటి కలయికే. ఏ చర్మానికి ఏ పాలు కావాలన్నదే అసలు ప్రశ్న.

మీ చర్మం ఏ తత్త్వం?

దీనికి ఇంటిలోనే ఒక పరీక్ష కలదు. ఉదయం గోరువెచ్చని నీటితో ముఖం కడిగి మెత్తని గుడ్డతో అద్దుకొనవలెను. ఏమీ పూయకుండా ఒక గంట ఉండవలెను. ముఖం బిగుసుకొని గీతలు కనబడితే అది వాతతత్త్వం, అనగా పొడిచర్మం. మంట, ఎరుపు, చురచుర కనబడితే పిత్తతత్త్వం. నుదురు, ముక్కు, బుగ్గలు మెరిసి, పలుచని కాగితం అద్దితే నూనె మరక పడితే కఫతత్త్వం. నుదురు, ముక్కు జిడ్డుగా, బుగ్గలు పొడిగా ఉంటే మిశ్రమతత్త్వం. అట్టివారు చోటును బట్టి వేరువేరుగా పూసుకొనవలెను. సబ్బుతో పదేపదే కడిగే అలవాటున్నవారు వారం రోజులు అది మాని తరువాత పరీక్షించుకొనవలెను. లేనిచో నేను మోసపోయినట్లే మీరూ మోసపోతారు.

ఎవరికి ఏది?

వాతానికి తైలం, పిత్తానికి నెయ్యి, కఫానికి తేనె పరమౌషధాలని వాగ్భటాచార్యుల నిర్ణయం. పూతలకు కూడా ఇది మంచి దారి చూపుతుంది.

పొడిచర్మం వారికి నువ్వులనూనె శ్రేష్ఠం. స్నానానికి అరగంట ముందు మర్దన చేసుకొని, తరువాత సబ్బుతో రుద్దకుండా పెసరపిండితో తేలికగా కడుగుకొనవలెను. మడమలు, మోచేతులు బీటలు వారితే సిక్థతైలం మంచిది. 10 గ్రాముల తేనెమైనం, 60 మిల్లీలీటర్ల నువ్వులనూనె ఒక గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ళలో ఉంచి కరిగించి, వడగట్టి, చల్లారేదాకా కలపవలెను. రాత్రి పూసుకొని నూలు మేజోళ్ళు తొడుగుకొనవలెను. ఇంత ఓపిక లేనివారు పెట్రోలియం జెల్లీ వాడినా తప్పులేదు. అమెరికాలో ఛీజ్‌బ్రో అనే ఆయన 1872లో పేటెంటు పొందిన ఆ పదార్థం మన శాస్త్రంలో లేదు గనుక పనికిరాదనడం మూర్ఖత్వం. నీరు ఆవిరి కాకుండా ఆపడంలో దానికి సాటి వచ్చేవి తక్కువ.

పిత్తచర్మం వారికి సుగంధాలు పడవు. వాసన లేని, రంగు లేని పూతను ఎన్నుకొనవలెను. ఇంటిలో చేసుకొనదగినది శతధౌతఘృతం. రాగిపళ్ళెంలో మంచి ఆవునెయ్యి వేసి, కాచి చల్లార్చిన నీరు పోసి, అరచేతితో రుద్ది, ఆ నీటిని పారబోయవలెను. ఇట్లు నూరుసార్లు చేయగా నెయ్యి తెల్లగా, వెన్నవలె మృదువుగా తయారగును. నీరు మిగలకుండా పిండి, శుభ్రమైన సీసాలో చల్లనిచోట ఉంచి కొద్దిరోజులలోనే వాడవలెను. ఇది పైపూతకే గాని తినరాదు. చాలామంది ముఖం ఎండుతున్నదని గంధం అరగదీసి పూస్తారు. గంధం చలువే గాని రూక్షగుణం కలది. ఆరినకొద్దీ చర్మాన్ని ఎండగొడుతుంది. ముల్తానీమట్టి కూడా అంతే.

జిడ్డుచర్మం వారికి తేమ అక్కరలేదనుకొనడం పొరపాటు. వారికి కావలసినది తేమ, అక్కరలేనిది జిడ్డు. శుభ్రపరచిన కలబంద గుజ్జు గాని, గ్లిజరిన్ ఒక పాలు, పన్నీరు నాలుగు పాళ్ళు కలిపిన ద్రవం గాని, నీరు ప్రధానంగా ఉన్న పలుచని జెల్ గాని చాలును. కొబ్బరినూనె ఒంటికి ఎంత మంచిదైనా, మొటిమలు వచ్చే ముఖానికి పనికిరాదు. అది రంధ్రాలను మూసివేస్తుంది. ఒంటికి శనగపిండి, పెసరపిండితో పొడి నలుగు పెట్టుకొనవచ్చును. కఫానికి శాస్త్రం చెప్పిన ఉద్వర్తనం అదే. మొటిమలున్నచోట మాత్రం రుద్దరాదు. గ్లిజరిన్‌లో నిమ్మరసం పిండే అలవాటు మానవలెను. నిమ్మరసం పూసుకొని ఎండలోకి వెళ్ళితే బొబ్బలెక్కి నల్లమచ్చలు పడిన ముఖాలు నేను చూశాను.

దేశకాలాలు కూడా గమనింపవలెను. విశాఖపట్టణపు ఉక్కలో సరిపోయిన పూత ఆదిలాబాదు చలిలో చాలదు. అదే మనిషి వేసవిలో జెల్, చలికాలంలో నూనె వాడుకొనవలసి రావచ్చును.

పూసే వేళ

ఏ పూత అయినా స్నానం కాగానే, ఒళ్ళు పూర్తిగా ఆరకముందే, చెమ్మ ఉండగానే పూయవలెను. పొడి ఒంటికి పూసిన క్రీము ఎండినచేలో ఎరువు చల్లినట్లే. కొత్తది ఏదైనా, అది నేను చెప్పిన కలబందైనా సరే, మోచేతి లోపలివైపు బఠాణీగింజంత పూసి రెండురోజులు చూడవలెను. దురద, ఎరుపు వస్తే వాడరాదు. 'ప్రకృతిసిద్ధం' అన్న మాట అపాయం లేదనడానికి హామీ కాదు. జీడిపిక్క రసం కూడా ప్రకృతిసిద్ధమే.

ఈ రెండు ప్రమాదాలు

మొదటిది, పేరు తెలియని గొట్టపు మందు. ఒకరికి చర్మవ్యాధికి వైద్యుడు రాసిన స్టెరాయిడ్ పూతను ఇంటిల్లిపాదీ ముఖానికి పూసుకొనడం నేను తరచు చూస్తున్నాను. పదిరోజులలో నునుపూ తెలుపూ వస్తాయి. నెలలు గడిస్తే చర్మం పలుచబడి, నరాలు తేలి, మానితే మంటలు పుడతాయి. 2018లో కేంద్రప్రభుత్వం ఇట్టి పూతమందులు పలువాటిని వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని నిబంధన చేసింది. దుకాణంలో ఇచ్చినా మనం కొనరాదు.

రెండవది, పొడితనాన్ని పొడితనమే అనుకొనడం. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మడమ పగులుకు నాలుగు నెలలు నూనె రాసుకొని, కుంటుతూ నా వద్దకు వచ్చారు. పగులు పుండై లోతుకు పోయింది. నొప్పి మాత్రం లేదు. నొప్పి లేకపోవడమే నన్ను భయపెట్టింది. మధుమేహం ఆయన పాదాల స్పర్శను హరించింది. ఆనాడే శస్త్రవైద్యుని వద్దకు పంపాను. పాదం దక్కింది, రెండు వేళ్ళు దక్కలేదు. మధుమేహం ఉన్నవారు రోజూ పాదాలు చూసుకొని, అరికాలికి పూత పూయవలెను. వేళ్ళసందులలో మాత్రం పూయక పొడిగా ఉంచవలెను. ఒళ్ళంతా పొడిబారడంతోపాటు నీరసం, చలి ఓర్వలేకపోవడం, బరువు పెరగడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించవలెను. అక్కడ క్రీము మార్చి లాభం లేదు.

గృహిణులకు నా విన్నపం ఒక్కటే. ఇంటిలో అందరికీ ఒకే సీసా కొని ఉంచే అలవాటు మానండి. అత్తగారి పొడిచర్మానికి నువ్వులనూనె, కోడలి మంటచర్మానికి నెయ్యి, కాలేజీకి వెళ్ళే పిల్లకు కలబంద – ముగ్గురికీ కలిపి అయ్యే ఖర్చు ఒక ఖరీదైన క్రీము సీసా కన్న తక్కువే. ఏది పూసినా, పూయబోయే ముందు ఒక్కసారి ఆ చర్మాన్ని చేతితో తాకి చూడండి. నేను 1996లో చేయనిది అదే.