గుమాస్తా కబుర్లు: పిల్లిమొగ్గల మాస్టారు, అడవుల పంతులమ్మ

క్రిందటి నెల కరెంటు బిల్లుల భాగోతం వ్రాస్తానని మాట ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నందుకు పాఠకులు మన్నించాలి. ఈ లోగా మా వీధిలో ఒక సంగతి జరిగింది. అందులో నా తప్పు కూడా కొంత ఉంది. అది చెప్పుకుంటేగాని మనసు కుదుటపడేట్టు లేదు.

మా బెళ్ళందూరు 2007లో మహానగరంలో కలిసింది. అంతకు ముందు పంచాయతీ గ్రామం. ఇప్పుడు మేడలు లేచాయి. చెరువు మాత్రం 2017లోనూ, 2018లోనూ నిప్పంటుకుని పేపర్లకెక్కింది. నీళ్ళకు నిప్పంటుకునే ఊళ్ళో ఏ వింతయినా ఉండవచ్చు గదా! అలాంటి వింతే మా సందులోని మేడమీది బడి. క్రింద ఇనుప సామాను కొట్టు, పైన పొడుగాటి హాలు. సగం హాల్లో నున్నటి గచ్చు మీద కూచిపూడి నేర్పుతారు. మిగతా సగంలో నీలం పరుపులు పరిచి, ఒక దూలం, దూకడానికి ఒక బల్ల పెట్టి జిమ్నాస్టిక్సు నేర్పుతారు. మధ్యన ఒక తెర. ఇటు నుంచి జతులు వినబడుతుంటే అటు నుంచి దబ్బు దబ్బున పిల్లలు పడుతున్న చప్పుడు! మొదటిసారి వెళ్ళినప్పుడు ఇదేదో సర్కసు కంపెనీ కాబోలుననుకున్నాను.

డాన్సు నేర్పే పంతులమ్మది కృష్ణా జిల్లా. పిల్లలకు ముందు అడవులు చెబుతుంది. అడవులంటే అరణ్యాలు కావు సుమండీ, అడుగులు వేసే పాఠాలు. మా అమ్మాయి ఆరు నెలలు వాటిలోనే ఉంది. మా ఇంటావిడకు ఓపిక పోయి, “పాట ఎప్పుడు చెబుతారమ్మా?” అని అడిగింది. “కాళ్ళకు మాట రావాలి గదండీ, తరవాత పాట,” అంది పంతులమ్మ. మరి మాట్లాడడానికి ఏముంది?

ఆ జిల్లావాళ్ళకు ఈ విద్య ఇంటి ఆస్తివంటిది. కూచిపూడి గ్రామంలో ఒకప్పుడు మగవాళ్ళే ఆడవేషం కట్టేవారు. వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామగా వస్తే ఆడవాళ్ళే తెల్లబోయేవారట. అదే ఊరు నుంచి వెంపటి చినసత్యంగారు మదరాసు వెళ్ళి, సినిమాలకు నృత్యాలు కూర్చి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. 2012లో ఆయన పోయేనాటికి ఆయన శిష్యురాళ్ళు ఎన్ని ఊళ్ళలో గజ్జెలు కట్టిస్తున్నారో లెక్కలేదు. శంకరాభరణంలో తులసి వేషం వేసిన మంజుభార్గవిగారు ఆయన శిష్యురాలే. ఈ గొప్పవాళ్ళ పేర్లు అందరికీ తెలుసు. వాళ్ళ శిష్యుల శిష్యులు మేడమీది హాళ్ళలో నెల జీతం లేకుండా ఎలా బ్రతుకుతున్నారో ఎవరికీ పట్టదు. నాకూ పట్టలేదు. ఆ సంగతికి తరవాత వస్తాను.

జిమ్నాస్టిక్సు మాస్టారిది త్రిపుర. తెలుగు రాదు. పిల్లలు అతనికి ‘పిల్లిమొగ్గ’ అన్న మాట నేర్పారు. అతని తెలుగంతా అదే. మమ్మల్ని చూసినా చేతులు జోడించి “పిల్లిమొగ్గ” అంటాడు! అంత దూరం నుంచి ఈ పని మీద వచ్చాడేమిటా అనుకున్నానుగాని, అగర్తలా వాడికి ఇది పుట్టుకతో వచ్చిన ముచ్చట. దీపా కర్మాకర్ ఆ ఊరి పిల్లే. ఆమెకు చిన్నప్పుడు పాదాలు చదునుగా ఉండేవి. దూకేవాళ్ళకు అది పెద్ద లోపం. బిశ్వేశ్వర్ నందీ అనే గురువు ఆమెచేత ఏళ్ళ తరబడి అభ్యాసం చేయించి ఆ లోపాన్ని దాటించాడు. 2016 రియో ఒలింపిక్సులో ఆమె నాలుగో స్థానంలో నిలిచింది. కంచు పతకం 0.150 పాయింటులో తప్పిపోయింది. మన హైదరాబాదు పిల్ల బుద్దా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్పులో కంచు పతకం తెచ్చింది. ఆ పోటీలలో మన దేశానికి అదే మొదటి పతకం.

అసలు వ్యాయామం చెప్పే పంతుళ్ళకు మనలో తక్కువ చరిత్ర లేదు. కోడి రామమూర్తి నాయుడుగారు సర్కసు పెట్టి దేశాలు తిరగక ముందు విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులే. మన బెంగుళూరులో హెర్క్యులిస్ వ్యాయామశాల నడిపిన కె. వి. అయ్యర్‌గారు కండలు పెంచడం నేర్పుతూనే కన్నడంలో ‘శాంతల’ నవల వ్రాశారు. ఆ శాంతల హోయసళ రాణి, నాట్యంలో దిట్ట. కండకూ నాట్యానికీ మధ్య తెర మన హాల్లో ఉందేగాని ఆయన మనసులో లేనట్టుంది.

ఇక జరిగిన సంగతి. పిల్ల వెనక్కి విల్లులా వంగి మొగ్గ వేసేటప్పుడు మాస్టారు నడుం దగ్గర ఒక చేయి, తొడ వెనక ఒక చేయి ఆనిస్తాడు. ఆనించకపోతే మెడ మీద పడుతుంది. ఒక తండ్రిగారు ఇది చూసి, మెట్లమీద నలుగురిలో నిలబడి గట్టిగా అడిగేశారు, “ఆడపిల్లల్ని అలా పట్టుకోవడమేమిటి?” అని. హాలు చప్పబడిపోయింది. మాస్టారి ముఖం చూడలేకపోయాను.

ఆ తండ్రిది తప్పని నేననను. అమెరికాలో జిమ్నాస్టిక్సు జట్టుకు వైద్యం చేసిన లారీ నాసర్ సంగతి పేపర్లలో చదివాము గదా. 2018లో 150 మందికి పైగా ఆడవాళ్ళు కోర్టులో నిలబడి చెప్పారు. నలభై నుంచి నూటడెబ్బయి అయిదేళ్ళ శిక్ష పడింది. కొందరి విషయంలో తల్లి అదే గదిలో కూర్చుని ఉండగానే జరిగిందట! అది చదివిన తరవాత ఏ తండ్రి అడగకుండా ఉంటాడు? అయితే అడిగే పద్ధతి ఒకటుంటుంది. మెట్ల మీద కాదు.

ఆ సాయంత్రం మాస్టారు చేసిన పని ఇది. మధ్య తెర తీసి చుట్టచుట్టి మూలన పెట్టాడు. తలుపు దగ్గర ఒక బెంచీ వేయించాడు. మరునాడు పంతులమ్మ అతని మాటలు తెలుగులో చెప్పింది: “తల్లిదండ్రులు ఎప్పుడు వచ్చినా కూర్చోవచ్చు. చేయి ఆనించే ముందు ఎక్కడ ఆనిస్తానో పిల్లకు చెబుతాను. పిల్ల వద్దంటే ఆ మొగ్గ ఆ రోజుకు లేదు. హాల్లో రెండో పెద్ద మనిషి లేకుండా పాఠం లేదు.” ప్రశ్న వేసిన తండ్రే ముందుగా వచ్చి ఆ బెంచీ మీద కూర్చున్నారు. ఇప్పుడు వారానికి రెండు రోజులు వస్తున్నారు. మొన్న వాళ్ళ పిల్ల “ఇవాళ వద్దు మాస్టారూ” అంటే ఆయనే చప్పట్లు కొట్టారు.

ఇంతవరకు బాగానే ఉంది. నా తప్పు ఇక్కడ మొదలవుతుంది. రెండో పెద్ద మనిషి ఉండాలంటే పంతులమ్మ తన పాఠాలయ్యాక కూడా రాత్రి ఎనిమిదిదాకా హాల్లో ఉండాలి. ఉంటోంది. దానికి వేరే డబ్బు లేదు. ఈ మాట మా అమ్మాయి చెప్పింది. దానితోపాటు, “టీచరు దసరా తరవాత మానేస్తారట నాన్నా, ఏదో స్కూల్లో నెల జీతానికి చేరతారట,” అంది.

ఎందుకా అని ఆలోచిస్తే మే నెల జ్ఞాపకం వచ్చింది. సెలవులకు మేము నెల్లూరు వెళ్ళాము. వెళ్ళిన నెలకు ఫీజు దేనికని నేను కట్టలేదు. ఇంటావిడ అడిగితే, “చెప్పని పాఠానికి రశీదు ఉండదు,” అని ఆఫీసు మాట ఒకటి చెప్పాను. నాలాగే చాలామంది అనుకున్నారు. ఆ నెల నలుగురే పిల్లలు వచ్చారట. ఆ నలుగురి కోసం ఇద్దరూ రోజూ హాలు తెరిచారు. హాలు అద్దె మాత్రం మే నెలలోనూ మే నెల అద్దే.

నేను ఇరవై ఏళ్ళుగా గుమాస్తాను. ఆదివారాలకు, పండుగలకు, నేను నెల్లూరులో మామిడిపండ్లు తింటూ కూర్చున్న రోజులకు కూడా జీతం తీసుకున్నాను. ఎవరూ నన్ను రశీదు అడగలేదు. ఈ లెక్క తేల్చడానికి పదో తరగతి చదువు చాలును. నాకు నాలుగు నెలలు పట్టింది.

శనివారం కవరులో మే నెల ఫీజు పెట్టుకుని మెట్లెక్కాను. ఏమని ఇవ్వాలో తెలియలేదు. “పాత బాకీ అమ్మా” అన్నాను. ఆమె కవరు విప్పి చూసి, రశీదు పుస్తకం తీసి, ఏమీ అనకుండా ‘మే’ అని వ్రాసి చించి ఇచ్చింది. నేను బెంచీ మీది తండ్రిగారి చెవిన కూడా సంగతి వేశాను. ఆయన జేబు తడుముకున్నారు. వారంలో ఇంకా ఏడుగురు ఇచ్చారు. పధ్నాలుగు మంది ఇంకా ఇవ్వలేదు. నేను గుమాస్తాను గనుక పట్టీ వ్రాసుకుంటున్నాను.

“దసరా తరవాత ఏమి ఆలోచించారమ్మా?” అని మెల్లిగా అడిగాను.

“ఇంకా ఏమీ అనుకోలేదండీ,” అంది. తరవాత మా అమ్మాయి పాదం వంక చూస్తూ, “దీని ఎడమ మడమ లోపలికి తిరుగుతోంది. శనివారాలు ఒక అరగంట ముందు పంపిస్తారా?” అని అడిగింది.