పేరు జాబితాలో ఉంది, ఊరే దొరకడం లేదు

నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ శిబిరాన్ని కట్టింది నాజీలు కాదు. జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదులు తలదాచుకోవడానికి 1939లో డచ్ ప్రభుత్వమే కట్టించింది. 1942 జులైలో జర్మన్లు దాన్ని చేజిక్కించుకున్నారు. ఆ నెల నుంచే తూర్పుకు రైళ్లు మొదలయ్యాయి. ఎక్కువగా మంగళవారం బయల్దేరేవి. ఎవరెవరు ఎక్కాలో ముందురోజు రాత్రి బ్యారక్‌లలో పేర్లు చదివేవారు. ఆ జాబితాలు రాసే గుమాస్తా పని కూడా ఖైదీల చేతే చేయించారు. నెదర్లాండ్స్ నుంచి తరలించిన సుమారు 1,07,000 మందిలో అత్యధికులు ఈ శిబిరం మీదుగానే వెళ్లారు. తిరిగి వచ్చినవారు సుమారు ఐదు వేల మంది.

చావుకు పంపేందుకు రాసిన ఆ కాగితాలే ఇప్పుడు చనిపోయినవారి తరఫున మాట్లాడుతున్నాయి. 1944లో శిబిరంలో తీసిన ఫిల్ములో, రైలు తలుపు సందులోంచి చూస్తున్న ఒక పిల్ల ఉంటుంది, తలకు గుడ్డ కట్టుకుని. దశాబ్దాల పాటు ఆమె ఎవరో తెలియదు. అదే ఫిల్ములో ఒక పెట్టె మీద కనిపించిన పేరునూ పుట్టిన తేదీనీ రవాణా జాబితాతో పోల్చి చూస్తే ఆ రైలు 1944 మే 19న వెళ్లిందని తేలింది. ఆ ఆధారం మీద ఆరా తీసిన ఒక డచ్ పాత్రికేయుడు 1994లో ఆమె సెట్టెలా స్టైన్‌బాక్ అని తేల్చాడు. అందరూ అనుకున్నట్టు యూదు పిల్ల కాదు, రోమా (జిప్సీ) ప్రజల్లో ఒకరైన సింటీ తెగ పిల్ల. ఇప్పుడు ఐదేళ్లకోసారి ఆ శిబిరం స్థలంలో, తిరిగిరాని 1,02,000 మంది పేర్లను రాత్రింబవళ్లు చదువుతారు.

తిరుత్తణి దగ్గరి కే.జీ.కండిగై లాంటి తెలుగు ఊళ్లవాళ్లకు ఈ సంగతి ఎందుకంటారా? మనవాళ్ల పేర్లూ అలాంటి జాబితాల్లోనే ఉన్నాయి గనక. 1860 నుంచి 1911 దాకా మద్రాసు, కలకత్తా రేవుల నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు 1,52,184 మంది కూలి ఒప్పందం మీద వెళ్లారు. ఓడ వచ్చేదాకా మద్రాసు డిపోల్లో ఉంచేవారు. ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వెళ్లినవాళ్లు చాలామంది. ఓడ జాబితాలో ప్రతి మనిషికీ ఒక నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, చివరికి ఒంటి మీది మచ్చ కూడా రాశారు. తోట నుంచి పారిపోతే పట్టుకోవడానికి ఆ మచ్చ పనికొచ్చేది.

ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం తప్పు. కూలీలకు ఒప్పందం ఉంది, గడువు ఉంది, తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. వెస్టర్‌బోర్క్ రైళ్లు ఎక్కువగా వెళ్లింది ఆష్‌విట్జ్, సోబిబోర్ మరణ శిబిరాలకు. కానీ మనిషిని అదుపులో పెట్టడానికి రాసిన కాగితం, భద్రపరచి అందరికీ తెరిస్తే, ఆ మనిషి వారసులకు ఆస్తి అవుతుంది. ఈ విషయంలో డచ్చివాళ్లను చూసి మనం నేర్చుకోవాలి. నటాల్‌లోని డర్బన్‌వాళ్లను చూసి కూడా. నటాల్ ఓడ జాబితాలను అక్కడి విశ్వవిద్యాలయం కంప్యూటర్‌లోకి ఎక్కించింది. మునిమనవడు పేరు కొట్టి వెతుక్కోవచ్చు.

చిక్కంతా ఇవతలి ఒడ్డున ఉంది. జాబితాలో జిల్లా ‘ఉత్తర ఆర్కాటు’ అని ఉంటుంది. అది చూసి పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ వచ్చినవాడు ఆ జిల్లా కేంద్రం అనుకుని వేలూరు వెళతాడు. కానీ కార్వేటినగరం జమీందారీ కింద ఉండిన తిరుత్తణి 1911లో చిత్తూరు జిల్లాలో కలిసింది. సరిగ్గా నటాల్ ఓడలు ఆగిపోయిన ఏడాదే. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలోకి, చెంగల్పట్టు జిల్లాలోకి వెళ్లింది. 1997 నుంచి తిరువళ్లూరు జిల్లా. ఒక్క ఊరికి నాలుగు జిల్లాలు, రెండు రాష్ట్రాలు. ఆ కాలం కరణాల లెక్కలు తెలుగులో ఉంటే, 1980లో కరణాలను తీసేసిన తమిళనాట వాటిని చదవగలిగేవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. బడిలో తెలుగు చదువు సన్నగిల్లిన చోట ఈ నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది.

కావలసింది పెద్ద భవనమో స్మారక స్తూపమో కాదు. పాత ఉత్తర ఆర్కాటులోని ప్రతి ఊరూ 1911కు ముందు, 1960కి ముందు, ఇప్పుడు ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉందో చూపే ఒక పట్టిక కావాలి. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల పాత పత్రాల భాండాగార శాఖలు (ఆర్కైవ్స్) కలిసి కూర్చుంటే అది అసాధ్యమేమీ కాదు. దాంతోపాటు మిగిలిన కరణాల లెక్కలను, జనన మరణాల రిజిస్టర్లను ఫొటో తీసి నెట్‌లో పెట్టాలి. తెలుగు చదివే ముసలివాళ్లు ఊళ్లో ఉన్నప్పుడే ఈ పని మొదలవ్వాలి.