గేటు దగ్గర జీడిపప్పు పొట్లం

పలాస, టెక్కలి వైపు నుంచి విశాఖలో క్రికెట్ మ్యాచ్‌కి బయల్దేరిన కుటుంబం ఉత్త చేతులతో వెళ్లదు. సంచిలో పులిహోర, నీళ్ల సీసాలు, ఓ జీడిపప్పు పొట్లం ఉండాల్సిందే. మధురవాడ స్టేడియం గేటు దాకా అవి క్షేమంగానే వస్తాయి. ఆగిపోయేది అక్కడే. బయటి తిండి, నీళ్లు లోపలికి తేకూడదు. భద్రత కోసమంటారు. మైదానంలోకి సీసాలు విసిరేవాళ్లూ ఉన్నారు కాబట్టి అందులో కొంత నిజముంది. మరి జీడిపప్పుతో ఎవర్ని కొడతాం?

మిగతా కారణం తెలియాలంటే అమెరికా వెళ్లాలి. బాల్టిమోర్‌లో 1992లో కామ్‌డెన్ యార్డ్స్ అనే బేస్‌బాల్ స్టేడియం తెరిచారు. అంతకుముందు కట్టినవి చాలావరకు కాంక్రీటు గిన్నెల్లా ఉండేవి. ఇది ఇటుకలతో పాతకాలపు వీధిని తలపిస్తుంది. పక్కనున్న రైల్వే గోదామును కూల్చకుండా ఉంచి, దానికీ గ్యాలరీకీ మధ్యనున్న వీధిని దుకాణాలతో, మాంసం కాల్చి అమ్మే అంగళ్లతో నింపేశారు. ఆట చూడ్డానికొచ్చిన జనం ముందు తిరునాళ్లలో తిరిగినట్టు తిరుగుతారు. తర్వాత వచ్చిన చాలా స్టేడియాలకు ఇదే నమూనా అయింది. దుకాణం ముందు నిలబడినా మైదానం కనబడేలా నడవాలు కట్టారు. ఆట పోతుందన్న బెంగ లేకపోతే జేబులోంచి డబ్బు తేలిగ్గా బయటికొస్తుంది కదా! సీట్లు తగ్గాయి, ఖరీదైన అద్దాల గదులు పెరిగాయి. న్యూయార్క్‌లో 2009లో తెరిచిన కొత్త యాంకీ స్టేడియంలో ముందు వరస సీట్లు కొన్ని ఒక్క ఆటకు 2,500 డాలర్లు. అవి టీవీలో ఖాళీగా కనబడేసరికి ఆ ఏడాదే ధర తగ్గించారు.

కామ్‌డెన్ యార్డ్స్‌ను డిజైన్ చేసింది హెచ్‌ఓకే స్పోర్ట్. ఇప్పుడు దాని పేరు పాపులస్. అహ్మదాబాద్‌లో 1,32,000 మంది పట్టే నరేంద్ర మోదీ స్టేడియం ఆ సంస్థ గీసిందే. అందులో కార్పొరేట్ బాక్సులు 76.

తమాషా ఏమిటంటే, కామ్‌డెన్ యార్డ్స్‌తో సహా అమెరికాలోని చాలా బేస్‌బాల్ స్టేడియాల్లోకి ఇంటి తిండి, మూత తీయని నీళ్ల సీసా తీసుకెళ్లొచ్చు. మనవాళ్లు అద్దాల గదులు తెచ్చుకున్నారుగానీ ఇది మాత్రం తెచ్చుకోలేదు.

నీళ్ల సంగతి ఉద్దానం వాళ్లకు చిన్నదేం కాదు. అక్కడి కిడ్నీ జబ్బులకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. తాగే నీటి మీద అనుమానం మాత్రం పోలేదు. 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి పైపుల నీటి పథకం ప్రారంభమయ్యే నాటికే క్యాన్ నీళ్లు కొనుక్కోవడం ఎన్నో ఇళ్లలో అలవాటైపోయింది. నీళ్లకు డబ్బు పెట్టడం వాళ్లకు కొత్త కాదు. కొన్న నీళ్లను గేటు దగ్గర పారబోసి, లోపల మళ్లీ కొనమంటేనే ఒళ్లు మండుతుంది.

2023 ప్రపంచకప్‌లో ప్రేక్షకులకు ఉచితంగా మంచినీళ్లు ఇస్తామని క్రికెట్ బోర్డు ప్రకటించింది. అంటే తలచుకుంటే కుదురుతుందన్నమాట. 2025 మహిళల ప్రపంచకప్‌లో మన దేశంలో జరిగిన లీగ్ మ్యాచ్‌లకు టికెట్లు 100 రూపాయల నుంచే మొదలయ్యాయి. అక్టోబరు 9, 12 తేదీల్లో భారత్ విశాఖలోనే ఆడింది. ఆ లెక్కన నలుగురికి 400. పిల్లలకు ఆకలేసిందాకా ఆట చవకే.

ఈసారి వెళ్లేటప్పుడు టికెట్ మీది నిబంధనలు ముందే చదవండి. మంచినీళ్లు ఏ స్టాండు కింద పెట్టారో గేటు దగ్గరే గట్టిగా అడగండి. జీడిపప్పంటారా, రైల్లోనే తినేయండి.