తండా పిల్లలకి కరెంటు పాఠం ఎక్కదా?

‘తండా పిల్లలకి సైన్సు ఎక్కదండీ.’ ఈ మాట స్టాఫ్ రూముల్లో ఇంకా వినబడుతూనే ఉంది. తప్పు పిల్లలదా, మనం చెప్పే తీరుదా?

మాచవరం చుట్టుపక్కల మిరప, పత్తి చేలల్లో మోటార్ల మధ్య పెరిగిన పిల్లవాడికి స్టార్టరు తెలుసు, ఫ్యూజు పోవడం తెలుసు, ఒక ఫేజు రాకపోతే మోటారు మూలగడం తెలుసు. వాడు ఏడో తరగతిలో కూర్చుంటే మాత్రం ‘విద్యుత్ వలయం’, ‘బంధకం’ అని బోర్డు మీద రాసి ఎక్కించుకోమంటాం. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఇన్ని దాటి వచ్చినవాడి చేతికి ఒక్క సెల్లు ఇవ్వం!

రెండు సెల్లులు, పాత టార్చి బల్బు, మూరెడు వైరు. వీటికి గ్రాంటు రావాలా? ఒక్కో సెల్లు 1.5 వోల్టులే, ముట్టుకున్నా ఏమీ కాదు. పిల్లలే కలిపి వెలిగించాలి. వైరు ఎక్కడ ఊడినా బల్బు ఆరిపోతుంది. వలయం అంటే అదే. మధ్యలో మేకు పెడితే వెలుగుతుంది, పుల్ల పెడితే వెలగదు. పేర్లు ఆ తర్వాత చెప్పండి. ఇంటి లైను 230 వోల్టులనీ, దానితో ఈ ఆట ఆడితే ప్రాణం పోతుందనీ ఆ రోజే చెప్పాలి.

అక్కడితో ఆపితే సగం పాఠమే. ఫ్యూజుకి సన్న తీగ ఎందుకు? కరెంటు హెచ్చితే ముందు అది కరిగి మోటారును కాపాడాలని. మాటిమాటికీ పోతోందని మనవాళ్లు లావు తీగ చుడతారు, మోటారు కాలుతుంది. అడవిపందుల కోసం చేను చుట్టూ పెట్టిన కరెంటు తీగకి మనుషులే బలైన వార్తలు ఎన్ని చదవలేదు? పరీక్షలో రాదని ఇది వదిలేద్దామా?

ఎస్సీ, ఎస్టీ కాలనీల్లో, తండాల్లో నెలకు 200 యూనిట్ల దాకా ఉచితమని 2019లో ప్రభుత్వం ప్రకటించింది. యూనిట్ అంటే 1000 వాట్లు గంటసేపు వాడటం. 75 వాట్ల ఫ్యాను పది గంటలు తిరిగితే ముప్పాతిక యూనిట్. ఈ లెక్క వచ్చిన పిల్ల, బిల్లు తప్పొస్తే ఎవరినైనా నిలదీస్తుంది.

మాచర్ల దాటితే నాగార్జునసాగర్. 1955లో నెహ్రూ పునాదిరాయి వేసిన ఆ డ్యాం దగ్గర నీటి ఉరవడికి టర్బైన్లు తిరిగి కరెంటు పుడుతుంది. మనం పిల్లల్ని అక్కడికి విహారయాత్రకు తీసుకెళ్లి, ఫొటోలు దిగి, బజ్జీలు తినిపించి తెస్తాం. టర్బైన్ ముచ్చట ఎత్తం.

సిలబస్ పూర్తికాదంటారు. నిర్వచనాలు మూడుసార్లు చూచిరాయించే పీరియడ్లు ఎక్కడివి మరి? తనిఖీకి వచ్చే అధికారి నోటుబుక్కుల్లో సంతకాలు చూడటం మాని, ఒక పిల్లని పిలిచి బల్బు వెలిగించమనాలి. ఆయన అడిగేదాకా ఆగకండి, వచ్చే సోమవారం సంచిలో రెండు సెల్లులు వేసుకుని బడికి వెళ్లండి.